లిఫ్ట్ ఎక్కాలంటే గుండె దడ, కొత్త ఉద్యోగమేమో తొమ్మిదో అంతస్తులో. ఈ భయం పోయే దారి ఉందా?

హొరమావు_హేమ
నిరుడు వానాకాలంలో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి, లిఫ్ట్ మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. జనరేటర్ అందుకోలేదు. లోపల నేనూ, పై ఫ్లోర్ అంకుల్ ఒకాయనా. ఒళ్లంతా చెమటలు, చేతులు తిమ్మిర్లు, లోపల గాలి అయిపోతోందనిపించింది. వాచ్‌మన్ తాళంచెవి తెచ్చి తలుపు తెరిచేసరికి నేను నేల మీద కూలబడి ఉన్నాను. ఆ రోజు నుంచి లిఫ్ట్ ఎక్కలేదు. ఇల్లు కూడా గ్రౌండ్ ఫ్లోర్‌కి మారాం.

ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక కంపెనీలో మంచి ఆఫర్ వచ్చింది. ఆఫీసు తొమ్మిదో అంతస్తులో. ఇంటర్వ్యూకి మెట్లెక్కే వెళ్లాను. అది ఫైర్ ఎగ్జిట్, రోజూ వాడనివ్వమని సెక్యూరిటీ అతను చెప్పాడు. మా ఆయనేమో "అదంతా మనసులో ఉంది, గట్టిగా అనుకుంటే పోతుంది" అంటారు. నేనూ గట్టిగానే అనుకుంటున్నాను. తలుపులు మూసుకునే చప్పుడు వింటే చాలు, కాళ్లు వెనక్కి పోతున్నాయి. ఇలాంటిది ఎవరికైనా తగ్గిందా? ఎలా తగ్గింది? మందులా, కౌన్సెలింగా?

కిట్టు_కేఆర్‌పురం
అక్కా, ఆఫీసులో నలుగురితో కలిసి ఎక్కేయండి. కబుర్లలో పడితే భయం గుర్తే ఉండదు. కొన్నాళ్లకి అలవాటైపోతుంది.

లిఫ్ట్_రమణ
లిఫ్టుల మెయింటెనెన్సే నా పని. మాది చిత్తూరు, బెంగళూరులోనే స్థిరపడ్డాను. ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా ఈ భయం ఉన్నవాళ్లు ఒకరైనా కనిపిస్తారు, అందుకని చెబుతున్నాను. లోపల గాలి అయిపోవడం అనేది ఉండదు. క్యాబిన్‌ని సీలు వేయరు, గాలి రావడానికి సందులు పెట్టే తయారుచేస్తారు. ఫ్యాన్ ఆగితే ఉక్కపోస్తుంది, అంతే. ఉక్కు తాళ్లు కూడా ఒక్కటి కాదు, నాలుగైదు ఉంటాయి. లిఫ్ట్ హద్దు మించిన వేగంతో దిగితే గవర్నర్ అనే భాగం పసిగడుతుంది, క్యాబిన్‌కి ఉన్న దవడలు రెండు పక్కలా పట్టాలను కరుచుకుంటాయి. 1854లోనే ఎలీషా ఓటిస్ న్యూయార్క్‌లో జనం ముందు ఇలాంటి లిఫ్ట్ మీద నిలబడి తాడు కోయించి చూపించాడు.

ఇప్పటి లిఫ్టుల్లో ఏఆర్‌డీ అని బ్యాటరీతో నడిచేది ఒకటి పెడతారు. కరెంటు పోతే అదే దగ్గర్లో ఉన్న ఫ్లోర్‌కి చేర్చి తలుపు తెరుస్తుంది. మీ పాత అపార్ట్‌మెంట్‌లో అది పెట్టనే లేదో, లేక బ్యాటరీ చచ్చిపోయిందో. బ్యాటరీ మార్చమని మేం చెబుతుంటే "వచ్చే మీటింగులో చూద్దాం" అని నెలలు నెట్టే అసోసియేషన్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హొరమావు_హేమ
రమణ గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కానీ గాలి ఆడుతుందని నాకు ముందే తెలుసు. లోపల అడుగు పెట్టగానే ఆ తెలిసిందంతా ఎటు పోతుందో! ఇంకో సంగతి. నాతో పాటు ఇరుక్కున్న అంకుల్ మర్నాడు పొద్దున్నే అదే లిఫ్టులో దిగి పాల ప్యాకెట్లు తెచ్చుకున్నారు. ఇద్దరం ఒకే డబ్బాలో ఉన్నాం కదా, ఆయనకి లేని భయం నాకెందుకు?

సుజాత_క్లినికల్
క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేసి ఇక్కడే ప్రాక్టీస్ చేస్తున్నాను. హేమ గారు అంకుల్ గురించి అడిగినదాంట్లోనే అసలు విషయం ఉంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోసలీ రేనర్ ఒక పసివాడి మీద ప్రయోగం చేశారు. వాడికి వాళ్లు పెట్టిన పేరు ఆల్బర్ట్. తెల్ల ఎలుకను చూస్తే వాడు భయపడేవాడు కాదు, చేయి చాచేవాడు. పదకొండు నెలల వయసులో, వాడు ఎలుకను ముట్టుకోబోయినప్పుడు తల వెనక ఉక్కు కడ్డీని సుత్తితో ఠంగుమని కొట్టారు. అలా కొన్నిసార్లు చేసేసరికి, చప్పుడు లేకపోయినా ఎలుక కనిపిస్తే చాలు, ఏడుస్తూ పక్కకి పాకిపోయాడు. తర్వాత కుందేలును చూసినా, కుక్కను చూసినా, బొచ్చు కోటును చూసినా అదే ఏడుపు. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగంలో కుక్కలకు చప్పుడూ తిండీ జతపడ్డట్టు వీడికి ఎలుకా అదురూ జతపడ్డాయి. మీకు లిఫ్టుతో ఊపిరాడకపోవడం జతపడింది. తలుపు చప్పుడుకే కాళ్లు వెనక్కి పోతున్నాయన్నారే, అది కూడా ఈ జతలో భాగమే.

అయితే జతపడినంత మాత్రాన అది ఏళ్ల తరబడి నిలవాలని లేదు. పదేపదే లిఫ్ట్ ఎక్కి ఏమీ కాకుండా దిగితే దానంతటదే పలచబడుతుంది. మరి ఎందుకు పలచబడట్లేదు? దీనికి 1947లో మౌరర్ అనే సైకాలజిస్ట్ జవాబు చెప్పాడు. లిఫ్ట్ దగ్గరికి వెళ్తారు, దడ మొదలవుతుంది, మెట్ల వైపు తిరుగుతారు, "అమ్మయ్య" అనిపిస్తుంది. ఆ అమ్మయ్యే బహుమతి. తప్పించుకున్న ప్రతిసారీ, తప్పించుకోవడం వల్లే బతికామని ఒళ్లు నేర్చుకుంటుంది. భయం మొదలైంది ఒక కారణంతో, నిలబడింది ఇంకో కారణంతో. మెట్లు, గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, లిఫ్ట్ ఉన్న చుట్టాల ఇళ్లకు వెళ్లడం మానేయడం, ఇవన్నీ ఆ భయానికి మేత.

మీ అంకుల్ మర్నాడే పాల ప్యాకెట్ల కోసం అదే లిఫ్టులో దిగారు. అంటే ఆ జత గట్టిపడకముందే దాన్ని విప్పేసుకున్నారు. దానికి తోడు, ఎన్నో ఏళ్లు ఏ ఇబ్బందీ లేకుండా లిఫ్ట్ ఎక్కినవాళ్లకు ఒక్క చెడు అనుభవంతో భయం అంత తేలిగ్గా అతుక్కోదు. మీరు లిఫ్ట్ ఉన్న ఇంటికి వచ్చి ఎన్నాళ్లయింది అప్పటికి?

హొరమావు_హేమ
మేం అనంతపురం నుంచి వచ్చిన కొత్త. అంతకుముందు లిఫ్ట్ అంటే ఎప్పుడో బట్టల షాపులో ఎక్కడమే.

సుజాత_క్లినికల్
అదీ సంగతి. మీకు మనోబలం లేక వచ్చింది కాదు ఇది. మీ ఆయనకి ఈ పోస్టులు చూపించండి.

అమ్ములు_జేపీనగర్
మరి నా సంగతేంటి? నన్ను బల్లి ఎప్పుడూ ఏమీ చేయలేదు, మీద కూడా పడలేదు. అయినా వంటింట్లో గోడ మీద ఒకటి కనిపిస్తే ఆ రోజు వంట బంద్, బయట నుంచి తెప్పించుకోవడమే. అద్దెకి ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు ట్యూబ్‌లైట్ వెనక టార్చి కొట్టి చూస్తాను. ఏ జతా పడకుండా నాకీ భయం ఎక్కడిది?

బండి_భాస్కర్
నాదీ అదే ప్రశ్న. ఫ్లైఓవర్ ఎక్కితే స్టీరింగ్ మీద చేతులు చల్లబడతాయి. నాకెప్పుడూ యాక్సిడెంట్ కాలేదు, మా ఇంట్లో ఎవరికీ కాలేదు.

శ్రీను_రీసెర్చ్
సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నా పని భయాల మీదే. ఈ ప్రశ్న దగ్గరే పాత సిద్ధాంతం తడబడింది. 1977లో రాక్‌మన్ అనే సైకాలజిస్ట్ భయం మూడు దారుల్లో వస్తుందన్నాడు: మనకే జరిగి రావచ్చు, ఇంకొకరు భయపడటం చూసి రావచ్చు, విని రావచ్చు. అమ్ములు గారూ, మీ ఇంట్లో బల్లిని చూసి కెవ్వుమనేవాళ్లు ఎవరు?

అమ్ములు_జేపీనగర్
మా అమ్మ! పీట మీద నుంచి లేచి పరుగే. మా నాయనమ్మేమో బల్లి పడిందంటే పంచాంగం తెరిచేది. తల మీద పడితే ఒకటి, కుడి భుజమైతే ఒకటి, ఎడమ కాలైతే ఒకటి. ఒకసారి మా అత్త తల మీద పడితే ఇంటిల్లిపాదికీ తలస్నానాలు, దీపం, పైగా కంచి వెళ్లి బంగారు బల్లిని ముట్టుకుని వచ్చేదాకా మా నాయనమ్మ నిద్రపోలేదు.

శ్రీను_రీసెర్చ్
మీరు చూసింది అమ్మ దగ్గర, విన్నది నాయనమ్మ దగ్గర. రెండు దారులూ మీ ఇంట్లోనే ఉన్నాయి.

చూసి నేర్చుకోవడం మీద మినెకా, కుక్ అనే సైకాలజిస్టులు చేసిన పని చాలా బాగుంటుంది. ల్యాబ్‌లో పుట్టి పెరిగిన రీసస్ కోతులకు పాము భయం లేదు. అడవిలో పెరిగిన కోతి పామును చూసి బెదరడం చూపిస్తే, కాసేపట్లోనే ఇవీ బెదరడం నేర్చుకున్నాయి. తర్వాత వీడియోను ఎడిట్ చేసి, ఆ పెద్ద కోతి పువ్వులను చూసి బెదిరినట్టు చూపించారు. పువ్వుల భయం అంటలేదు. బొమ్మ పాము భయం అంటింది. కొన్నిటి మీద భయం తేలిగ్గా అంటుకునేలా మనం పుట్టామని 1971లో సెలిగ్మన్ అనే సైకాలజిస్ట్ అన్నాడు. పాములు, ఎత్తులు, ఇరుకు చోట్లు ఆ జాబితాలోవే. స్విచ్‌బోర్డు షాక్ కొట్టినవాళ్లు ఎందరో ఉన్నా, స్విచ్‌బోర్డు ఫోబియా మాత్రం ఎక్కడా పెద్దగా వినపడదు కదా. భాస్కర్ గారికి ఎత్తు భయం ఏ యాక్సిడెంటూ లేకుండా రావడంలో వింతేమీ లేదు.

కిట్టు_కేఆర్‌పురం
అమ్ములు అక్కా, మా పీజీకి మాత్రం రాకండి. ఇక్కడ బల్లులు మాకంటే సీనియర్లు, అద్దె కూడా కట్టవు.

పద్మ_విజయనగర్
సుజాత గారూ, ఆ పసివాడికి తర్వాత ఆ భయం పోగొట్టారా లేదా? చదివినప్పటి నుంచి మనసు పీకుతోంది.

సుజాత_క్లినికల్
పోగొట్టలేదు. ఆ పని చేసేలోపే తల్లి బిడ్డతో అక్కడి నుంచి వెళ్లిపోయింది. నేటి నియమాల ప్రకారం అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఆ మిగిలిపోయిన పని చేసింది మేరీ కవర్ జోన్స్. 1924లో ఆమె రాసిన పీటర్ అనే పిల్లాడికి అప్పటికి మూడేళ్లు ఇంకా నిండలేదు, కుందేలు అంటే హడల్. వాడు ఇష్టమైనది తింటుండగా గదిలో ఆ చివర పంజరంలో కుందేలు పెట్టేది. వాడు ఓర్చుకున్న కొద్దీ దగ్గరికి జరిపేది. భయంలేని పిల్లలు దాంతో ఆడుకోవడం కూడా చూడనిచ్చేది. చివరికి పీటర్ కుందేలును ఒళ్లో పెట్టుకుని నిమిరాడు. ఇప్పుడు మేం చేసే వైద్యానికి మొదలు అదే.

మల్లేశ్_కడప
ఇన్ని సిద్ధాంతాలు ఎందుకండీ. మా నాన్న నన్ను ఎనిమిదేళ్లకి మోటబావిలోకి తోశారు. చచ్చీచెడీ గట్టుకి వచ్చాను. ఆ తర్వాత బావి వదిలితే ఒట్టు. భయం పోవాలంటే దూకడమే మందు. హేమ గారిని ఇద్దరు పట్టుకుని లిఫ్టులో పెట్టి ఒక గంట తిప్పితే సరి.

పద్మ_విజయనగర్
మల్లేశ్ గారూ, మా అన్నయ్యనీ అలాగే తోశారు. గుటకలు నీళ్లు మింగాక మా మామయ్య జుట్టు పట్టి లాగాడు. వాడికిప్పుడు యాభై దాటాయి. పుష్కరాలకి తీసుకెళ్తే అందరూ మునుగుతుంటే వాడు మెట్టు మీద నిలబడి చెంబుతో నెత్తిన పోసుకుంటాడు. మీరు తేలారు కాబట్టి చెబుతున్నారు. తేలనివాళ్లు ఈ కథ చెప్పరు.

మల్లేశ్_కడప
అది మీ మామయ్య తొందరపడి లాగడం వల్ల. ఇంకాసేపు ఆగుంటే తేలేవాడు.

పద్మ_విజయనగర్
ఆగుంటే అన్నయ్యే ఉండేవాడు కాదు!

సుజాత_క్లినికల్
ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. మల్లేశ్ గారు చెప్పినదాన్ని ఫ్లడింగ్ అంటారు, అదీ వైద్యంలో ఉన్నదే. భయపడేదాని ముందే నిలబెట్టి, దడ ఎక్కి, ఎక్కి, తనంతట తానే దిగేదాకా అక్కడే ఉంచుతారు. గుండె ఎల్లకాలం అదే వేగంతో కొట్టుకోలేదు, ఎప్పటికో నెమ్మదిస్తుంది. దాంతో భయం తగ్గినవాళ్లు ఉన్నారు. కానీ దడ శిఖరం మీద ఉండగా బయటికి లాగేస్తే, "తప్పించుకుంటేనే బతికాం" అనే పాఠం ఇంకా గట్టిపడుతుంది. పద్మ గారి అన్నయ్యకి జరిగింది అదే. పైగా అది మనిషి ఒప్పుకుని, తెలిసి చేయాల్సింది. తోయడం, పట్టుకుని పెట్టడం వైద్యం కాదు.

మెట్లు మెట్లుగా వెళ్లే పద్ధతిని ఒక క్రమంలో పెట్టింది దక్షిణాఫ్రికా డాక్టర్ జోసెఫ్ వోల్పే. ఆయన పుస్తకం 1958లో వచ్చింది. ముందు ఒళ్లు వదులు చేసుకోవడం నేర్పి, తర్వాత భయాలను చిన్నది నుంచి పెద్దదానికి వరుసగా రాయించి, ఒక్కొక్కటే ఊహించుకోమనేవాడు. భయానికి సున్నా నుంచి వంద దాకా అంకె వేయించేవాడు, మేం ఇప్పటికీ వేయిస్తాం. ఈ రోజుల్లో ఊహతో ఆగకుండా నిజంగా అక్కడికే తీసుకెళ్తున్నాం, అది ఎక్కువ పనిచేస్తుంది. స్వీడన్‌లో లార్స్ యోరాన్ ఓస్ట్ అయితే ఒక్కో ఫోబియాకి మూడు గంటల లోపు ఒకే సిట్టింగ్‌లో ఇలా వైద్యం చేసి చూపించాడు.

హేమ గారి విషయంలో మొదటి మెట్టు లిఫ్ట్ ముందు నిలబడి జనం ఎక్కడం, దిగడం చూడటం కావచ్చు. తర్వాత తలుపు తెరిచి పట్టుకోగా లోపల నిలబడటం. ఆపై తలుపు మూసి అదే ఫ్లోర్‌లో తెరవడం. తోడుతో ఒక ఫ్లోర్, ఒంటరిగా ఒక ఫ్లోర్, అలా తొమ్మిది దాకా. ఒక మెట్టు దగ్గర భయం కనీసం సగానికి దిగేదాకా పై మెట్టుకి తొందర పడకూడదు.

శ్రీను_రీసెర్చ్
సుజాత గారితో ఇక్కడ నాకు కొంచెం పేచీ ఉంది. భయం సగానికి దిగడమే కొలత కాదని ఇప్పటి పరిశోధన చెబుతోంది. భయాల వైద్యం మీద పనిచేసే సైకాలజిస్ట్ క్రాస్కే వాళ్ల మాట ప్రకారం, ఏమవుతుందని అనుకున్నారు, ఏమైంది, ఈ రెంటికీ ఎంత తేడా ఉంటే అంత నేర్చుకుంటాం. అందుకని లోపలికి వెళ్లే ముందే "తలుపు మూసిన నిమిషంలో ఊపిరి ఆగి పడిపోతాను" అని కాగితం మీద రాసుకోవాలి. బయటికి వచ్చాక పడిపోయారా లేదా రాసుకోవాలి. దడ తగ్గకపోయినా పర్వాలేదు.

ఒళ్లు వదులు చేసుకోవడం కూడా తప్పనిసరి కాదు. అది లేకుండానే ఎక్స్‌పోజర్, అంటే భయపడేదానికి ఎదురెళ్లి నిలబడటం, పనిచేస్తుంది. ఒక్కోసారి అదే ఊతకర్ర అయి కూర్చుంటుంది. కిట్టు చెప్పిన కబుర్లు, చెవిలో పాటలు, చేతిలో నీళ్ల సీసా, అన్నీ ఊతలే. మల్లేశ్ గారికి తెలిసే ఉంటుంది, మన ఊళ్లలో బుద్ధిగా ఈత నేర్పేవాళ్లు నడుముకి సొరబుర్రలు కడతారు. కట్టడం మంచిదే, కానీ విప్పకపోతే ఈత వచ్చిందని తెలిసేదెలా?

సుజాత_క్లినికల్
బుర్రలు విప్పాలన్నదాంట్లో పేచీ ఏమీ లేదు శ్రీనూ. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మొదటి మెట్టు దగ్గరే వెనక్కి తిరుగుతారు. కాగితం మీద సిద్ధాంతం ఎలా ఉన్నా, వాళ్లను గుమ్మం దాటించడానికి నాకు సొరబుర్ర లాంటి ఊత కావాలి. కాగితం మీద ముందే రాసుకోవడం మాత్రం హేమ గారు తప్పకుండా చేయండి.

మల్లేశ్_కడప
బుర్రలు కట్టింది మా పెదనాన్న కొడుకులకి. నాకు నాన్న కట్టలేదు. సరే, ఆ తేడా ఇప్పుడు అర్థమవుతోంది.

రాఘవ_ఎంజీరోడ్
ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం మాత్ర చిన్నది ఒకటి వేసుకుంటే పోయేదానికి ఇంత చర్చా? మా మేనేజర్ ఫ్లైట్ ఎక్కే ముందు అదే చేస్తాడు.

శ్రీను_రీసెర్చ్
మీ మేనేజర్ ప్రతి ఫ్లైట్‌కీ వేసుకుంటున్నాడు కదా, అంటే భయం పోలేదనే కదా అర్థం. విమాన భయం ఉన్న ఆడవాళ్ల మీద 1997లో ఒక అధ్యయనం వచ్చింది. మొదటి ప్రయాణంలో ఆల్ప్రజోలం వేసుకున్నవాళ్లు ఆ రోజు హాయిగానే ఉన్నారు. వారం తర్వాత మందు లేకుండా ఎక్కినప్పుడు, మొదటిసారి మందేమీ లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ల కంటే వీళ్లే ఎక్కువ హడలిపోయారు. మొదటిసారి క్షేమంగా దిగిన ఖ్యాతి అంతా మాత్రకి పోయింది. పైగా అది అలవాటు పడే మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. దయచేసి ఇలా ఎవరికీ చెప్పకండి.

సత్యవతి_బసవనగుడి
ఆంజనేయస్వామి గుళ్లో తాయెత్తు కట్టించు అమ్మా హేమా. మా కోడలికి పీడకలలు అలాగే పోయాయి.

సుజాత_క్లినికల్
సత్యవతి గారూ, నమ్మకం ఉంటే కట్టుకోవచ్చు, తప్పేం లేదు. కట్టుకుని ఇంట్లో కూర్చోకుండా, కట్టుకుని లిఫ్ట్ దగ్గరికి వెళ్తే మరీ మంచిది.

సత్యవతి_బసవనగుడి
అదీ నిజమే తల్లీ.

వెంకట్_నెల్లూరు
నాది వేరే రకం. సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోతాను. ఇంటర్‌లో రక్తదాన శిబిరంలో వాలంటీరుగా నిలబడి, ఇచ్చేవాళ్ల కంటే ముందు నేనే పడ్డాను. కోవిడ్ టీకా రోజు కూడా అంతే. మా నాన్నా ఇలాగే పడతారు. పైన చెప్పినట్టు సూది ముందు మెట్లు మెట్లుగా నిలబడితే ప్రతి మెట్టులోనూ పడతానేమో!

సుజాత_క్లినికల్
వెంకట్, మంచి ప్రశ్న వేశావు. రక్తం, సూది భయం మిగతా ఫోబియాల్లాంటిది కాదు. లిఫ్ట్ భయంలో గుండె వేగం, బీపీ పెరుగుతాయి, అందుకే అందులో కళ్లు తిరిగి పడిపోవడం అరుదు. సూది భయంలో మొదట పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకి రక్తం చాలక కళ్లు తిరుగుతాయి. కుటుంబాల్లో నడిచే గుణం కూడా దీనికే ఎక్కువ. దీనికి ఒళ్లు వదులు చేయడం తప్పుడు మందు, బిగించాలి. 1987లో ఓస్ట్, స్టెర్నర్ ఈ పద్ధతి రాశారు.

కుర్చీలో కూర్చుని చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు బిగించు. పది పదిహేను సెకన్లకి ముఖం వెచ్చబడినట్టు తెలుస్తుంది. అప్పుడు వదులు, కానీ పూర్తిగా వాలిపోకు, మామూలుగా కూర్చో. ఇరవై ముప్పై సెకన్లు ఆగి మళ్లీ బిగించు. ఇలా ఐదుసార్లు. ఇంట్లో కొన్నాళ్లు సాధన చేశాక, ముందు సూది ఫోటో చూస్తూ, తర్వాత నిజం సూది చూస్తూ చేయాలి. సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచు. నర్సుకి ముందే చెప్పి పడుకుని వేయించుకో. బీపీ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి.

వెంకట్_నెల్లూరు
కాలేజీ రోజుల నుంచి "ఆడపిల్లలా పడ్డాడు" అని నవ్వారు తప్ప, బీపీ పడిపోతుందని ఎవరూ చెప్పలేదు మేడం. నాన్నకి కూడా చూపిస్తాను, ఆయనకి షుగర్ టెస్టు ఎప్పటి నుంచో వాయిదా పడుతోంది.

పద్మ_విజయనగర్
ఆడపిల్లలా అని నవ్విన ఆ మగాళ్లను మా గైనిక్ వార్డుకి పంపు నాయనా. డెలివరీ రూములో ఎవరు పడతారో నర్సుగా నేను చూస్తూనే ఉన్నాను.

బండి_భాస్కర్
ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మానేసి ఇన్నాళ్లూ కింద బొమ్మనహళ్లి ట్రాఫిక్‌లోనే ఈడ్చాను. ఈ థ్రెడ్ చదివాక మా తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆదివారం పొద్దున్నే చిన్న ఫ్లైఓవర్లు మొదలుపెట్టాను. ముందు రాసుకున్నది: "మధ్యలో చేతులు లాగేసి కారు గోడ వైపు పోతుంది." ఒక్కసారీ పోలేదు. చేతులు చల్లబడ్డాయి, కారు మాత్రం లేన్‌లోనే ఉంది. ఇప్పుడు తమ్ముడు లేకుండా వెళ్లాలి.

లిఫ్ట్_రమణ
భాస్కర్ గారూ, శభాష్. హేమ గారూ, ఏమైనా కబురుందా?

హొరమావు_హేమ
ఉంది. ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర మొదలుపెట్టాను. కల్యాణ్‌నగర్‌లో మా ఫ్రెండ్ అపార్ట్‌మెంట్‌లో సాధన. అక్కడి వాచ్‌మన్ తాత ముందు నన్ను వింతగా చూశాడు, విషయం చెప్పాక తన స్టూలు తెచ్చి తలుపుకి అడ్డం పెట్టి "కూర్చో అమ్మా, ఎంతసేపైనా కూర్చో" అన్నాడు. లిఫ్టులో స్టూలు మీద కూర్చున్నాను. స్టీలు గోడలో నా ముఖం కనిపిస్తోంది, పక్కన కడ్డీ పట్టుకుంటే చేయి జారిపోయేంత చెమట. అంకె 85. అక్కడే ఉండిపోయాను. మెల్లగా 40కి వచ్చింది. అప్పుడు గమనించాను, రమణ గారు చెప్పిన సందులు తలకి కాస్త పైనే ఉన్నాయి. చేయి పెడితే గాలి తగిలింది.

తర్వాత తలుపు మూశాం. ఊపిరి ఆగలేదు. ఫ్రెండుతో నాలుగో అంతస్తు దాకా వెళ్లొచ్చాను. నిన్న మాత్రం మధ్యలో ఒక కుదుపు వచ్చింది. రెండో అంతస్తులో తలుపు తెరుచుకోగానే బయటికి దూకి మెట్లు దిగేశాను. రాత్రంతా ఏడుపు. మళ్లీ మొదటికి వచ్చినట్టేనా?

సుజాత_క్లినికల్
మొదటికి రాలేదు. ఎక్స్‌పోజర్‌తో పాత భయం చెరిగిపోదు. దాని పక్కనే "లిఫ్ట్ క్షేమమే" అనే కొత్త నేర్పు పెరుగుతుంది. కుదుపు వచ్చినప్పుడు, చోటు మారినప్పుడు, కొన్నాళ్లు గ్యాప్ వచ్చినప్పుడు పాతది తల ఎత్తుతుంది. బౌటన్ అనే సైకాలజిస్ట్ ల్యాబ్‌లో ఎలుకల మీద ఇదే మళ్లీ మళ్లీ చూశాడు: ఒక పెట్టెలో తగ్గించిన భయం ఇంకో పెట్టెలో పెట్టగానే తిరిగొచ్చింది. అందుకే ఒక్క లిఫ్టుతో ఆపకూడదు. మెట్రో స్టేషన్ లిఫ్ట్, మాల్ లిఫ్ట్, హాస్పిటల్ లిఫ్ట్, ఖాళీగా ఉన్నది, కిక్కిరిసినది, అన్నీ ఎక్కాలి. ఇప్పుడు ముఖ్యమైనది ఒక్కటే. వీలైనంత త్వరగా, కుదిరితే ఇవాళే, ఆ కుదిపిన లిఫ్టునే మళ్లీ ఎక్కండి. ఒక ఫ్లోరైనా చాలు.

లిఫ్ట్_రమణ
కుదుపు అంటే చాలాసార్లు ఫ్లోర్ లెవెల్ సరిచూసుకోవడమో, బ్రేక్ పట్టడమో. పడిపోయే ముందు వచ్చే సంకేతం కాదు. ఎప్పుడైనా నిజంగా ఆగిపోతే అలారం బటన్ నొక్కి, ఇంటర్‌కమ్‌లో చెప్పి, కదలకుండా ఉండండి. తలుపు మీరు చీల్చి దూకబోతేనే ప్రమాదం. లోపల ఉన్నంతసేపూ క్షేమం.

కిట్టు_కేఆర్‌పురం
అక్కా, మీ ఆఫీసు ఏ పార్కో ప్రైవేటుగా చెప్పండి. మాది అదే రోడ్డు. చేరే ముందు ఒక శనివారం వస్తాను. కబుర్లు చెప్పను, బయటే నిలబడతాను.

హొరమావు_హేమ
సాయంత్రం వెళ్లాను. అదే లిఫ్ట్, నాలుగు దాకా, ఫ్రెండ్ కిందే ఉండిపోయింది. ఆఫీసుకి ఓకే అని మెయిల్ పెట్టేశాను. కిట్టూ, శనివారం రా తమ్ముడూ.

సరిత_వైట్‌ఫీల్డ్
మా బాబుకి ఐదేళ్లు, కుక్క అంటే భయం, పార్కుకే రాడు. పీటర్ కుందేలు లాగా నేనే చేయొచ్చా? వీధి కుక్కల దగ్గర చేయాలంటే నాకే భయం.

సుజాత_క్లినికల్
వీధి కుక్కలతో అస్సలు వద్దు. మీకున్నది ఫోబియా కాదు, ఉండాల్సిన జాగ్రత్తే. మన ఊళ్లో రేబిస్ నిజమైన ప్రమాదం. తెలిసినవాళ్ల ఇంట్లో టీకాలు వేసిన, నెమ్మదైన, పట్టీ కట్టిన కుక్కతో మొదలుపెట్టండి. దూరం బాబే నిర్ణయించాలి. వాడి ఈడు పిల్లలు దాంతో ఆడుతుంటే చూడనివ్వండి. మీరు చంకలో ఎత్తుకుని పరుగెత్తడం మానండి, వాడు మీ ముఖం చూసి నేర్చుకుంటాడు. వీధి కుక్క ఎదురైతే పరుగెత్తకుండా నిలబడటం విడిగా నేర్పండి. ఆరు నెలలు దాటినా తగ్గకుండా బడికీ ఆటకీ అడ్డమవుతుంటే పిల్లల సైకాలజిస్ట్‌కి చూపించాలి.

సరిత_వైట్‌ఫీల్డ్
ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేట్‌లో ఫీజులు చూస్తే బెదురొస్తోంది.

శ్రీను_రీసెర్చ్
హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ అనే ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ ఓపీడీ ఉంది, రద్దీ ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. బీటీఎం లేఅవుట్‌లో వాళ్లదే వెల్‌బీయింగ్ సెంటర్ కూడా ఉంది. ప్రైవేట్‌లో చూపిస్తే క్లినికల్ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, ఎక్స్‌పోజర్ చేయిస్తారా అని కూడా అడగండి. వారాల తరబడి మాటలతోనే సరిపెట్టేవాళ్ల దగ్గర ఫోబియాకి డబ్బు పోయడం దండగ. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్, 14416. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ, ఉచితం.

సరిత_వైట్‌ఫీల్డ్
కన్నడలోనే మాట్లాడాలా? నాకు ఇంకా సరిగ్గా రాదు.

శ్రీను_రీసెర్చ్
అక్కర్లేదు. భాష ఎంచుకోమంటారు, అందులో తెలుగు కూడా ఉంది.